వెస్ట్‌వుడ్‌లో తయారైన ఇరాన్

వలస వీధులు – 9వ భాగం

గత రెండు భాగాల్లో ఇరాన్ నుంచి మన వైపు వచ్చిన రెండు వలసల్ని చూశాం. ఒకటి గోల్కొండది. హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ వంశం ఇక్కడ రాజ్యమేలింది. అస్త్రాబాద్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ 1591లో హైదరాబాదు నిర్మాణానికి రూపురేఖలు దిద్దిన పెద్దల్లో ఒకడయ్యాడు. రెండోది బొంబాయిలో హోటళ్లు తెరిచిన ఇరానీ కుటుంబాలది. ఈసారి మూడో వలసకు వద్దాం. అది సముద్రాలు దాటి, 1979 విప్లవానికి కొంచెం ముందూ వెనకా అమెరికా పడమటి తీరంలోని లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడ దానికి తెహ్రాంజెలెస్ అని ముద్దుపేరు కూడా పడింది. వలసల విషయంలో మనందరికీ అలవాటైన లెక్క ఒకటుంది. కొత్త దేశం ఎంత ఒంటబడితే పాత దేశం అంత ఊడిపోతుందనీ, ఒకవైపు జమ అయినదంతా ఇంకోవైపు ఖర్చేననీ అనుకుంటాం. తెహ్రాంజెలెస్ చరిత్ర ముందు ఈ లెక్క నిలవదని నా వాదన. అక్కడి ఇరానీలు స్వదేశం నుంచి ఒక సంస్కృతిని మూటగట్టి తెచ్చుకుని తరతరానికీ కొంత పారేసుకున్నారన్నది సగం నిజమే. ఇరాన్‌లో ఉండగా ఆ రూపంలో ఎన్నడూ లేని ఉమ్మడి ఇరానీతనాన్ని వాళ్లు అమెరికాలోనే, అమెరికా పద్ధతుల్లోనే కూడగట్టుకున్నారు. అమెరికన్లు కావడం, ఇరానీలుగా నిలవడం వాళ్ల విషయంలో చాలావరకు ఒకే పనిగా సాగింది.

ముందు ఆ వీధిని చూద్దాం. విల్‌షైర్ బులెవార్డ్ నుంచి దక్షిణంగా దిగే వెస్ట్‌వుడ్ బులెవార్డ్ తెహ్రాంజెలెస్‌కు నడిబొడ్డు. ఉత్తరాన కూతవేటు దూరంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అంటే యూసీఎల్ఏ. 2010లో లాస్ ఏంజెలెస్ నగరపాలక సంస్థ ఇక్కడి ఒక కూడలికి పర్షియన్ స్క్వేర్ అని అధికారికంగా పేరు పెట్టింది. వీధికి అటూ ఇటూ ఫార్సీ లిపిలో బోర్డులు, కబాబు హోటళ్లు, పుస్తకాల దుకాణాలు, క్యాసెట్ల రోజుల నుంచీ ఉన్న పాటల అంగళ్లు, వలస కేసుల వకీళ్ల కార్యాలయాలు ఉంటాయి. కిరాణా కొట్టులో అడుగుపెడితే ఎండు నిమ్మకాయలు, పులావులో వేసే ఎర్రటి జెరెష్క్ పళ్లు, కుంకుమపువ్వు డబ్బీలు, ఊరగాయ సీసాలు వరసగా కనిపిస్తాయి. ఇంత చూశాక ఇరానీలంతా ఇక్కడే గుమిగూడి కాపురం ఉంటున్నారనిపిస్తుంది. అది నిజం కాదు. వాళ్లు నగరమంతటా, నగరం దాటి శివార్ల దాకా చెదిరి ఉన్నారు. యూదులు ఎక్కువగా బెవర్లీ హిల్స్, పికో-రాబర్ట్‌సన్, ఎన్సినో ప్రాంతాల్లో, ఆర్మీనియన్లు గ్లెండేల్‌లో, మిగిలినవాళ్లలో చాలామంది శాన్ ఫెర్నాండో లోయలోనూ దూరాన అర్వైన్‌లోనూ స్థిరపడ్డారు. వెస్ట్‌వుడ్‌కు వారాంతాల్లో కార్లేసుకుని వస్తారు. సరుకులు కొంటారు, భోంచేస్తారు, నలుగురి కంటా పడతారు, ఇళ్లకు వెళ్లిపోతారు.

ఈ చిన్న సంగతిలో పెద్ద విషయమే ఉంది. అమెరికా వలసల మీద పాత పుస్తకాలు వేసిన నమూనా ప్రకారం వలసవాడు మొదట తనవాళ్ల పేటలో ఇరుకుగా బతుకుతాడు, డబ్బూ ఇంగ్లీషూ వచ్చాక బయటి పేటలకు చెదిరిపోతాడు, అలా చెదరడమే కలిసిపోవడానికి తొలి గుర్తు. ఇరానీల విషయంలో వరస తిరగబడింది. వాళ్లు వస్తూనే చెదిరి ఉన్నారు, తర్వాత వీధిని కట్టుకున్నారు. కారణం వాళ్ల చదువులో, వృత్తుల్లో ఉంది. 1960లు, 70లలో షా ప్రభుత్వం నూనె డబ్బుతో ఆధునికీకరణకు పరుగులు తీసింది, దానికి కావలసిన ఇంజినీర్లూ డాక్టర్లూ స్వదేశంలో చాలలేదు. యువకులు వేల సంఖ్యలో అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. 1979-80 విద్యా సంవత్సరంలో అమెరికాలోని విదేశీ విద్యార్థుల్లో అందరికన్నా ఎక్కువమంది ఇరానీలే, దాదాపు 51 వేలు. వాళ్లు వలస వచ్చినవాళ్లు కారు. పట్టా పుచ్చుకుని తిరిగి వెళ్లాల్సినవాళ్లు. విప్లవం వాళ్లను ఉన్నచోటే వలసవాళ్లుగా మార్చేసింది. ఆ వెనకే వ్యాపారులు, అధికారులు, సినిమావాళ్లు, పాటగాళ్లు వచ్చారు. మైనారిటీ మతాలవాళ్లూ బయల్దేరారు. 1979 మే 9న యూదు సమాజపు ప్రముఖుడు, పారిశ్రామికవేత్త హబీబ్ ఎల్ఘానియాన్‌ను కొత్త ప్రభుత్వం కాల్చి చంపించాక యూదు కుటుంబాల నిర్ణయం ఖాయమైపోయింది. కొత్త రాజ్యాంగం జొరాస్ట్రియన్లను, యూదులను, క్రైస్తవులను మైనారిటీలుగా ఒప్పుకుంది, బహాయీలకు ఆపాటి గుర్తింపు కూడా ఇవ్వలేదు. 1980లో మొదలై ఎనిమిదేళ్లు సాగిన ఇరాక్ యుద్ధం మిగిలిన ఆశల్నీ తుంచింది.

వచ్చినవాళ్లను అమెరికా ఎలా చూసిందన్నది ఈ కథలో మలుపు. 1979 నవంబరు 4న తెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ఆక్రమించారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉండిపోయారు. కొద్ది రోజుల్లోనే కార్టర్ ప్రభుత్వం అమెరికాలోని ఇరానీ విద్యార్థులందరూ వలస కార్యాలయాలకు వెళ్లి కాగితాలు చూపించాలని ఆదేశించింది. ఒక్క దేశం విద్యార్థులకే ఈ నియమం ఏమిటని కోర్టుకెక్కితే, అప్పీలు కోర్టు అదే ఏడాది చివర్లో ప్రభుత్వం వైపే మొగ్గింది. 1980 ఏప్రిల్‌లో దౌత్య సంబంధాలు తెగిపోయాయి. రాయబార కార్యాలయం లేకపోవడంతో స్వదేశానికి రాకపోకలు ఒక యాతన అయ్యాయి. బడిలో పిల్లలు, కొలువుల్లో పెద్దలు తమది ఏ దేశమో చెప్పడానికి జంకారు. చాలామంది తమను పర్షియన్లుగా చెప్పుకోవడం అప్పుడే బలపడింది. టీవీ వార్తల్లో కనిపించే ఇరాన్‌కూ తమకూ మధ్య ఎడం పెట్టుకోవడానికి అది పనికొచ్చింది. ఇంత ఒత్తిడి పడితే ఒక సమాజం ఆనవాలు లేకుండా కరిగిపోవాలి, లేదా తలుపులు మూసుకుని తనలో తాను ముడుచుకోవాలి. ఈ రెండూ జరగలేదు. బందీల సంక్షోభం ముగిసిన 1981లోనే అలీ లిమొనాది లాస్ ఏంజెలెస్‌లో ఫార్సీ టీవీ కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇరానీ వ్యాపారాల చిరునామాలతో ఫార్సీ ఎల్లో పేజెస్ వెలువడింది. వీధిలో బోర్డులు పెరిగాయి. దేశం పేరు చెప్పడానికే భయపడిన రోజుల్లోనే ఆ దేశపు లిపి నగరం నడివీధిలోకి వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగాలి. ఈ బోర్డుల వెనకున్న ఇరాన్ ఏ ఇరాన్? స్వదేశంలో తెహ్రాన్ ముస్లిం అధికారికీ, షిరాజ్ యూదు వ్యాపారికీ, యజ్ద్ జొరాస్ట్రియన్‌కూ, దాగి బతికే బహాయీకీ ఉమ్మడిగా ఉన్న జీవితం తక్కువ. పేటలు వేరు, పెళ్లిళ్లు వేరు, భయాలు వేరు. వాళ్ల పైన ఒక రాజ్యం ఉంది కాబట్టి అందరూ ఇరానీలు. లాస్ ఏంజెలెస్‌లో ఆ రాజ్యం లేదు. ఇస్లామిక్ రిపబ్లిక్ జెండా వాళ్లలో అత్యధికులకు గిట్టదు. వెస్ట్‌వుడ్ దుకాణాల్లో, ఊరేగింపుల్లో కనిపించేది సింహం-సూర్యుడు ఉన్న పాత జెండాయే. మతం కలిపేది కాదు, విడదీసేది. అందుకే ఎవరినీ బయట నిలబెట్టని ఉమ్మడి సరుకు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. అది నౌరూజ్‌లో దొరికింది. వసంత విషువత్తు ఘడియలో మొదలయ్యే ఈ కొత్త సంవత్సరం ఇస్లాం కన్నా పాతది, ఏ మసీదుకూ గుడికీ కట్టుబడి లేనిది. ఆ రోజు పరిచే హఫ్త్ సీన్ బల్లను దగ్గరగా చూడండి. పళ్లెంలో పెంచిన పచ్చటి గోధుమ మొలక, మొలకల పిండితో వండిన తీపి ముద్ద, సెంజెద్ పండు, వెల్లుల్లి, యాపిల్, పుల్లటి సుమాక్ పొడి, వెనిగర్. వాటి పక్కన అద్దం, రంగులద్దిన గుడ్లు. ఇంకా ఒక పుస్తకం. ఆ పుస్తకం ఇంటింటికీ మారుతుంది. ఒక ఇంట్లో ఖురాను, ఇంకో ఇంట్లో హాఫిజ్ కవిత్వం, మరో ఇంట్లో షానామా, జొరాస్ట్రియన్ల ఇంట్లో అవెస్తా. బల్ల ఒకటే, పుస్తకం ఎవరిది వారిది. మతం ఇంటి గుమ్మం లోపల ఉండి, సంస్కృతి వీధిలో ఉమ్మడిగా ఉండే ఈ ఏర్పాటు అమెరికా పౌర జీవితానికి అచ్చంగా అతికింది.

నౌరూజ్‌ను లాస్ ఏంజెలెస్ కనిపెట్టలేదుగదా, ఇరాన్‌లోనూ అది అతి పెద్ద పండుగేగదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఇరాన్‌లో నౌరూజ్ రుతువుతోపాటు దానంతట అదే వస్తుంది. బడులు మూసేస్తారు, బజార్లు నిండిపోతాయి, ఎవరూ ప్రత్యేకంగా పూనుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో అది మామూలు పనిదినం. పండుగ జరగాలంటే సంఘం కావాలి, చందాలు కావాలి, పార్కులో చేరడానికి అనుమతి కావాలి. పండుగకు ముందొచ్చే మంగళవారం రాత్రి మంటలు దూకే వేడుకకు సముద్రతీరంలో నిప్పు వేసుకోనిచ్చే చోటు వెతుక్కోవాలి. పదమూడో రోజు వనభోజనాలకు అర్వైన్‌లోని మేసన్ పార్కు లాంటి చోట్ల వేలమంది చేరతారు. ఇంట్లో జరిగే ఆచారం ఇలా నగరపాలక సంస్థతో మాట్లాడి సాధించుకునే హక్కుగా మారింది. 2010లో అమెరికా ప్రతినిధుల సభ నౌరూజ్‌ను గుర్తిస్తూ తీర్మానం చేసే దాకా అది వెళ్లింది. పండుగ పాతదే, దాన్ని నిలబెట్టిన విధానం మాత్రం పూర్తిగా అమెరికాది.

టీవీ కథ కూడా ఇదే చెబుతుంది. ఇరానీ కార్యక్రమాలకు మొదట సొంత చానల్ లేదు. కేఎస్‌సీఐ లాంటి బహుభాషా కేంద్రాల్లో అరగంటో గంటో డబ్బిచ్చి కొనుక్కుని ప్రసారం చేసేవాళ్లు. కార్యక్రమం మొదట్లో పాత జెండా, పర్సెపొలిస్ శిథిలాలు, తెహ్రాన్ కట్టడాల బొమ్మలు వచ్చేవి. కాసేపటికే ఇళ్ల అమ్మకం, కార్ల షోరూము, వలస కేసుల వకీలు, పళ్ల డాక్టరు ప్రకటనలు. ఈ ప్రసారాలను లోతుగా పరిశోధించిన హమీద్ నఫీసీ 1993లో ప్రచురించిన గ్రంథంలో, ప్రవాస టీవీ చేజారిన దేశపు జ్ఞాపకానికి అంటిపెట్టుకుంటూనే ప్రేక్షకుణ్ణి అమెరికా వినియోగ జీవితంలోకి నడిపించిందని చూపించాడు. ఆ రెండు పనులూ ఒకే అరగంటలో జరిగాయి. జ్ఞాపకం కోసం వచ్చినవాడికి ఇల్లు ఎలా కొనాలో తెలిసింది. ఇల్లు అమ్మజూపినవాడి డబ్బే ఆ జ్ఞాపకాన్ని గాలిలో నిలబెట్టింది. పాటల సంగతి ఇంకా ఆశ్చర్యం. విప్లవం తర్వాత ఇరాన్‌లో పాప్ సంగీతాన్ని నిషేధించారు, మగవాళ్ల ముందు స్త్రీ ఒంటరిగా పాడకూడదన్నారు. హాయెదే, ఎబీ, దారియూష్ లాంటి గాయకులు పరదేశంలోనే ఉండిపోయారు. లాస్ ఏంజెలెస్ ఫార్సీ పాటల పరిశ్రమకు రాజధాని అయింది. అక్కడ రికార్డయిన క్యాసెట్లు దొంగచాటుగా ఇరాన్ చేరి పెళ్లిళ్లలో మోగాయి. 2000లో జియా అతాబే ప్రారంభించిన ఎన్ఐటీవీ ఉపగ్రహం ద్వారా నేరుగా ఇరాన్ ఇళ్లలోకి ప్రవేశించింది. వలసవాళ్ల సంస్కృతి స్వదేశంలో మిగిలినదానికి వెలిసిపోయిన నకలైతే, స్వదేశం ఆ నకలు కోసం ఇన్ని తంటాలు పడదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఉమ్మడి ఇరానీతనం పైపూత మాత్రమేనన్నది. మెహ్దీ బొజోర్గ్‌మెహ్ర్, జార్జ్ సబాగ్‌లు 1987-88లో లాస్ ఏంజెలెస్ ఇరానీ కుటుంబాల మీద చేసిన సర్వే దీనికి ఆధారం. ముస్లింలు, యూదులు, ఆర్మీనియన్లు, బహాయీలు ఎవరి స్నేహాలు, పెళ్లిళ్లు, సంఘాలు వారిలోనే ఎక్కువగా జరుపుకుంటున్నారని, ఇరానీ అన్న ఒక్క పేరు కింద లోపల నాలుగు సమాజాలున్నాయని ఆ పరిశోధన తేల్చింది. స్వదేశంలో మైనారిటీగా బతికినవాళ్లకు సంఘంగా కట్టుబడి ఉండే అనుభవం ముందే ఉంది. మెజారిటీగా బతికిన ముస్లింలకు ఆ అవసరం పడలేదు, పైగా వాళ్లలో చాలామంది మతాచారం అంతగా పాటించనివాళ్లు. ఈ ఆధారాన్ని కొట్టిపారేయలేం. ఆర్మీనియన్ల విషయంలో నా వాదన బాగా బలహీనపడుతుందని కూడా ఒప్పుకోవాలి. వాళ్లు గ్లెండేల్‌లో లెబనాన్, సోవియట్ ఆర్మీనియా నుంచి వచ్చిన తమవాళ్లతో కలిసి వేరే సమాజమే కట్టుకున్నారు. కానీ మిగిలినవాళ్ల విషయంలో ఈ సర్వే నా మాటకు అడ్డు రాదు. లోపల నాలుగు ఇళ్లుంటేనే బయట ఒక ఉమ్మడి వీధి అవసరమవుతుంది. యూదు కుటుంబం పెళ్లి సినగాగ్‌లో జరుపుకుంటుంది, పెళ్లికి పాడే గాయకుడు ముస్లిం కావచ్చు, బియ్యం కొట్టు బహాయీది కావచ్చు. పెళ్లిళ్లు కలవకపోయినా బజారు, భాష, పాట, పండుగ కలిశాయి. స్వదేశంలో ఈ పాటి కలయిక కూడా సమాన స్థాయిలో ఎన్నడూ జరగలేదు.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. బెవర్లీ హిల్స్‌లో మేడలు కొన్నవాళ్ల కథను వలసలన్నిటికీ పాఠంగా చూపడం న్యాయమా అని అడుగుతారు. ఇది సబబైన ప్రశ్నే. పెద్దల్లో సగానికి పైగా పట్టభద్రులున్న సమాజానికీ, పొలం పనికో కట్టడం పనికో వచ్చిన సమాజానికీ దారులు ఒకటి కావు. సంపన్న ఇరానీల మీద తీసిన రియాలిటీ షోలు ఈ బొమ్మను ఇంకా వంకర చేశాయి. టాక్సీ తోలిన మాజీ అధికారులూ, డిగ్రీ చెల్లక చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్లూ అందులో కనిపించరు. హాలీవుడ్‌లోని మష్తీ మలోన్స్ ఐస్‌క్రీం అంగడి బోర్డే దీనికి సాక్ష్యం. 1980లో మగ్సీ మలోన్ అన్న దుకాణాన్ని కొన్న ఇరానీ యజమాని, బోర్డంతా మార్చే స్తోమత లేక మొదటి మాట ఒక్కటే మార్చాడని చెబుతారు. ఐరిష్ ఇంటిపేరు అలాగే నిలిచిపోయింది, లోపల గులాబీ పన్నీరు, కుంకుమపువ్వు, పిస్తా వేసిన ఇరానీ ఐస్‌క్రీం అమ్ముడుపోయింది. డబ్బున్నవాడికి సంస్కృతి ఒక అలంకారమైతే, డబ్బులేనివాడికి అది పెట్టుబడి. ధనం ఈ సమాజానికి వేగాన్నిచ్చింది. దిశను నిర్ణయించింది మాత్రం ధనం కాదు. డబ్బే నిర్ణయించి ఉంటే, ఇంగ్లీషు వచ్చిన సంపన్నులు అందరికన్నా ముందు మాయమైపోవాల్సింది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఇదంతా మొదటి తరం ముచ్చటేననీ, అక్కడే పుట్టిన పిల్లలు ఫార్సీ మాట్లాడితే మాట్లాడతారు గానీ చదవలేరనీ, వాళ్ల పిల్లలకు ఆపాటి కూడా ఉండదనీ అంటారు. భాష జారిపోతున్నదన్నది నిజం, అది చిన్న నష్టం కాదు. హాఫిజ్‌ను చదవలేనివాడికి బల్ల మీద పెట్టిన పుస్తకం అలంకారంగానే మిగులుతుంది. అయితే భాషతోపాటు ఇరానీ అన్న స్పృహ కూడా జారిపోతున్నదా? నేదా మగ్బూలే 2017 నాటి పరిశోధన గ్రంథం ఇక్కడ మనకు దారి చూపుతుంది. అమెరికా జనగణన ఇరానీలను తెల్లవారి ఖాతాలో వేసింది. కాగితం మీద తెల్లవాళ్లైన ఈ పిల్లలకు బడిలో, విమానాశ్రయంలో ఎదురైన అనుభవం వేరు. పెద్దతరం ఆర్య వారసత్వం గురించి చెబుతూ తాము తెల్లవారమే అనుకుంటుంటే, పిల్లలు తమ బతుకు చూసి ఆ మాటను ఒప్పుకోలేదని ఆమె చూపించింది. ఆర్య వాదం అమెరికా కోర్టులో చెల్లదని భారతీయులకు 1923లోనే అనుభవమైంది. భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి పౌరసత్వం నిరాకరించింది. ఇరానీ యువతరం ఆ పాఠం తనకు తానుగా నేర్చుకుంది. 2017 జనవరిలో ఇరాన్ సహా ఏడు దేశాలవారి రాకపై నిషేధం పడినప్పుడు లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో నిరసనలు వెల్లువెత్తాయి. 2020 జనగణనలో 5,68,564 మంది తమ మూలాన్ని ఇరానీగా రాసుకున్నారు. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి విడిగా ఒక వర్గం చేర్చింది. చాలాకాలం సాగిన ఆ డిమాండ్‌లో ఇరానీ-అమెరికన్ల గొంతు కూడా ఉంది. వీళ్ల ఇరానీతనం తాతల జ్ఞాపకం మీద మాత్రమే నిలబడలేదు. అమెరికాలో తమకు జరిగినదాని నుంచి అది పుట్టింది. జనగణన ఫారంలో ఒక గడి కోసం పోరాడటం కన్నా అమెరికన్ పని మరొకటి ఉండదు.

మిల్టన్ గోర్డన్ 1964 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో కలిసిపోవడాన్ని అంచెలుగా విడదీశాడు. తిండి, బట్ట, భాష మార్చుకోవడం ఒకటి, ఆతిథ్య సమాజపు సంస్థల్లోకి, స్నేహాల్లోకి ప్రవేశించడం ఇంకొకటి. ఈ రెండు అంచెలూ ఒకదాని వెంట ఒకటి రానక్కర్లేదని ఆయనకూ తెలుసు. తెహ్రాంజెలెస్ అంతకన్నా ఒక అడుగు ముందుకు వెళ్తుంది. సంస్థల్లోకి ప్రవేశించడానికి సంస్కృతే నిచ్చెనయింది. షిరాజ్‌లో పుట్టిన యూదు జిమ్మీ దెల్షాద్ 2003లో బెవర్లీ హిల్స్ నగర మండలికి ఎన్నికై, 2007లో మేయరయ్యాడు. ఆ ఏడాది బ్యాలెట్ పత్రాలపై ఫార్సీ కూడా అచ్చు వేస్తే కొందరు పట్టణవాసులు ఇది అమెరికాయేనా అని మండిపడ్డారు. వాళ్ల కోపం తప్పు గురిని చూసింది. ఫార్సీలో బ్యాలెట్ అడిగినవాడు తెహ్రాన్ రాజకీయాల కోసం అడగలేదు. బెవర్లీ హిల్స్ పాలనలో తన వంతు కోసం అడిగాడు. 2017 జులై 4న, సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినాన, శాంటా మోనికా బులెవార్డ్ మీద ఆవిష్కరించిన స్వేచ్ఛా శిల్పం కూడా ఇదే కోవలోది. సైరస్ చక్రవర్తి మట్టి శాసనం ఆకారంలో ఉన్న ఆ శిల్పానికి ఫర్హంగ్ ఫౌండేషన్ చందాలు సేకరించింది, సెసిల్ బాల్మండ్ దాన్ని రూపొందించాడు. రెండున్నర వేల ఏళ్ల నాటి పర్షియా గుర్తును అమెరికా పుట్టినరోజు నాడు నగరానికి కానుకగా ఇచ్చినవాళ్లను కలిసిపోనివాళ్లందామా, కరిగిపోయినవాళ్లందామా? రెండు మాటలూ సరిపోవు.

గోల్కొండతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. అక్కడికి వచ్చిన ఇరానీలకు రాజ్యాధికారం ఉంది, ఫార్సీ దర్బారు భాష అయింది. అయినా కొన్ని తరాలకు వాళ్ల సంతతి దక్కనీలో, ఉర్దూలో కలిసిపోయి, విడిగా ఇరానీ సమాజమంటూ మిగిలింది కొద్దే. లాస్ ఏంజెలెస్‌లో వాళ్లకు ఏ అధికారమూ లేదు, పైగా అనుమానం, అవమానం ఎదురయ్యాయి. అయినా ఇరానీతనం అక్కడ గట్టిపడింది. కాబట్టి ఒక సంస్కృతి నిలవడానికి అధికారం చాలదు, గతం మీద ప్రేమ కూడా చాలదు. వేర్వేరు ఇళ్లవాళ్లు సమానంగా వచ్చి కలుసుకోగల బహిరంగ స్థలం కావాలి, దాన్ని నడిపే సంఘాలు కావాలి, కొత్త దేశపు హక్కుల భాషలో తమ గతాన్ని చెప్పుకునే నేర్పు కావాలి. అమెరికాలోని మన తెలుగువాళ్లకూ ఈ మాట పనికొస్తుంది. ఇరానీలకు తెగిపోయిన దారి మనకు తెరిచే ఉంది, ఏటా వచ్చి వెళ్లవచ్చు. అందుకే ఇక్కడి కులాన్ని, ఇక్కడి ప్రాంతీయ చీలికను యథాతథంగా అక్కడికి మోసుకుపోయే వెసులుబాటు కూడా మనకుంది. వెస్ట్‌వుడ్‌వాళ్లు తెగిపోయినందువల్ల తప్పనిసరిగా చేసిన పనిని మనం కావాలని చేయాలి. వెంట తెచ్చుకున్నదాంట్లో అందరికీ చెందేది ఏదో ఏరుకుని, దాన్ని వీధిలో పెట్టాలి.

వచ్చే భాగంలో నా వాదనకు లొంగని గ్లెండేల్‌కే వెళదాం. ఇరాన్ ఆర్మీనియన్లు తమ పూర్వదేశాన్ని వదిలి, అంతకన్నా పాత గుర్తింపును ఎందుకు ఎంచుకున్నారో చూద్దాం.